క్రిస్మస్ సెలవుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్: రెండేళ్ల పాప, ఐదేళ్ల బాబు, ఊరి నుంచి వచ్చిన అత్తమామలు

ప్రశ్న: ఇద్దరు పిల్లల అమ్మ, షార్లెట్

అందరికీ నమస్కారం. మా బాబుకు ఐదేళ్లు, పాపకు వచ్చే ఫిబ్రవరికి మూడు నిండుతాయి. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఆగస్టులో గుడివాడ నుంచి వచ్చారు. సంక్రాంతి నాటికి ఇంట్లో ఉండాలని జనవరి 8వ తేదీకి తిరుగు టికెట్లు తీసుకున్నారు. మావారికి డిసెంబరు 25 తరువాతి వారంలో తప్ప సెలవు దొరకలేదు. అందుచేత ఆ వారంలోనే కారులో ఓర్లాండో వెళ్లి, అక్కడి నాలుగు డిస్నీ పార్కుల్లో చిన్నపిల్లలకు బాగా నచ్చుతుందని అందరూ చెప్పే మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కటైనా చూపించాలని అనుకుంటున్నాము.

నా బెంగ అంతా జనం గురించే. ఏడాది మొత్తంలో అక్కడ అన్నిటికన్నా రద్దీగా ఉండేది ఆ వారమేనని చదివాను. పాప మధ్యాహ్నం ఒంటిగంటకు నిద్రపోకపోతే సాయంత్రం దానిని ఎవరమూ పట్టలేము. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పది నిమిషాలకు మించి నిలబడలేరు, ఆ సంగతి నోరు తెరిచి చెప్పరు కూడా. ఇద్దరూ శాకాహారులు. పాపకు మూడేళ్లు నిండలేదు కాబట్టి టికెట్ అక్కరలేదు గానీ, పెద్దవాళ్లం నలుగురం, ఆ వారంలో ఒక్కొక్కరికి 200 డాలర్ల దరిదాపుల్లో అవుతోంది. అంత ఖర్చు పెట్టి, ఎనిమిది గంటలు ప్రయాణం చేసి, తీరా అక్కడ వరుసల్లో నిలబడటమే సరిపోతే అత్తమామలకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు. చిన్నపిల్లలనూ పెద్దవాళ్లనూ కలిపి తీసుకువెళ్లిన వారు ఎవరైనా ఉంటే, వెళ్లమంటారో మానమంటారో, వెళితే ఆ రోజును ఎలా గడపాలో చెప్పగలరు.

జవాబు: టాంపా నివాసి

మీ ప్రశ్న చదువుతుంటే ఆరేళ్ల కిందటి మా ఇల్లే కళ్లముందు కనిపించింది. మేము ఓర్లాండోకు గంటన్నర దూరంలో ఉంటాము కాబట్టి ఊరి నుంచి ఎవరు వచ్చినా మ్యాజిక్ కింగ్‌డమ్ తీసుకువెళ్లడం మాకు అలవాటైపోయింది. మీరు అనుకుంటున్న ఆ వారంలో కూడా రెండుసార్లు వెళ్లాము. నన్ను అడిగితే వెళ్లమనే చెబుతాను, కానీ రోజంతటి కోసం కాకుండా ఒక్క ఉదయం కోసం వెళ్లండి. రెండేళ్ల పాప ఉన్న ఇంటికి ఆ పార్కులో రోజు అంటే గేటు తెరిచినప్పటి నుంచి పాపకు నిద్ర ముంచుకొచ్చే వరకే. ఆ తరువాత ఏది చూడగలిగినా అది కొసరు.

ఆ ఉదయం చేజారకుండా ఉండాలంటే ముందు దారి సంగతి తెలియాలి. మొదటిసారి వెళ్లేవారు దెబ్బతినేది ఇక్కడే. అక్కడ కారు ఆపే స్థలానికీ పార్కు గేటుకూ మధ్య పెద్ద సరస్సు ఉంది. కారు దిగి, తనిఖీ దాటి, మోనోరైలు గానీ ఫెర్రీ పడవ గానీ ఎక్కి అవతలికి చేరాలి. దీనికంతటికీ గంట పడుతుందని లెక్క వేసుకోండి, అంటే ఎనిమిదికి గేటు తెరిస్తే ఏడు లోపే మీ కారు ఆగి ఉండాలి. నేనైతే పడవే ఎక్కమంటాను. స్ట్రోలర్‌ను మడవకుండా పాపను కూర్చోబెట్టుకునే తోసుకుపోవచ్చు, పైగా పార్కు మధ్యలోని 189 అడుగుల కోట నీళ్ల మీదుగా కొద్దికొద్దిగా దగ్గరకు వస్తూ ఉంటుంది. మా అమ్మాయికి మొదటిసారి అన్నిటికన్నా ఆ పడవే నచ్చింది, అవతలి ఒడ్డు వచ్చాక దిగనని రెయిలింగ్ పట్టుకుని ఏడ్చింది. డిస్నీ వాళ్ల సొంత హోటల్లో బస చేసిన వారికైతే బస్సు నేరుగా గేటు ముందే దింపుతుంది, అందరికన్నా అరగంట ముందుగా లోపలికి పంపుతారు కూడా. ఖర్చు ఎక్కువే. అయినా ఆ వారంలో తెల్లవారి దొరికే అరగంటలో రెండు రైడ్లు ఎక్కవచ్చు, అదే మధ్యాహ్నం అరగంటలో ఒక వరుసలో సగం దూరం కూడా కదలరు.

లోపలికి అడుగు పెట్టగానే అందరూ కోట ముందు ఫోటోలకు ఆగుతారు. మీరు ఆగవద్దు, ఫోటోలు తిరిగి వచ్చేటప్పుడు తీసుకోవచ్చు. కోట వెనక ఉన్న ఫ్యాంటసీల్యాండ్‌కు నేరుగా నడవండి. ముందుగా పీటర్ పాన్ ఎక్కండి. అది 1971లో, పార్కు తెరిచిన ఏటి రైడ్, ఒక్కో చిన్న ఓడలో ఇద్దరు ముగ్గురే పడతారు కాబట్టి దాని ముందు వరుస రోజంతా తరగదు. అది అయిపోతే పూ ఎలుగుబంటి, డంబో ఏనుగు, స్మాల్ వరల్డ్ పడవలు అన్నీ దగ్గరదగ్గరలోనే ఉంటాయి. వీటిలో దేనికీ ఎత్తు నిబంధన లేదు, అన్నాచెల్లెళ్లిద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టవచ్చు. మీ ఇంటికి ఆ ఉదయం ఈ నాలుగు దొరికితే చాలు.

బాబు ఎత్తు మాత్రం ఇంటి దగ్గరే కొలిచి వెళ్లండి. బార్న్‌స్టార్మర్ అనే చిన్న రోలర్ కోస్టర్‌కు 35 అంగుళాలు, ఏడుగురు మరుగుజ్జుల గని రైలుకు 38, టియానా నీళ్ల రైడ్‌కు 40, స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాలు ఉండాలి. ఏవి ఎక్కవచ్చో, ఏవి వచ్చే ఏటి కోసం ఉంచుకోవాలో ఇంట్లోనే వాడికి చెప్పేయండి. గంటసేపు వరుసలో నిలబడ్డాక కొలబద్ద దగ్గర ఆపేస్తే ఆ పసివాడి ముఖం చూడలేము.

మీలాంటి కుటుంబాలకు బాగా పనికివచ్చే ఏర్పాటు ఒకటి ఉంది, దాని పేరు రైడర్ స్విచ్. ఎత్తు చాలని పాపతో ఒకరు బయట ఉండిపోతారు. మిగిలినవారు వరుసలో నిలబడి రైడ్ ఎక్కి వస్తారు. ఆ తరువాత బయట ఉన్నవారు ఆ పొడవాటి వరుసలో నిలబడకుండా వేరే దారిలో వెళ్లి ఎక్కవచ్చు. రైడ్ ముందున్న సిబ్బందికి ముందే చెప్పి ఫోన్‌లో నమోదు చేయించుకోవాలి. బయట ఆగినవారు తమతో మరొకరిని కూడా తీసుకువెళ్లవచ్చు కాబట్టి మీ బాబు గని రైలు నాన్నతో ఒకసారి, మీతో ఒకసారి ఎక్కుతాడు.

డబ్బులు కట్టి వరుస తగ్గించుకునే లైట్నింగ్ లేన్ గురించి చాలా చర్చ జరుగుతూ ఉంటుంది. దానికి అదనంగా కట్టడం నాకు నచ్చదు, కానీ ఆ వారంలో మాత్రం తీసుకోమనే చెబుతాను. అందరికీ తీసుకోకండి. పాపకు అక్కరలేదు, అత్తయ్యగారూ మామయ్యగారూ కూర్చునే ప్రదర్శనలకు అది పెద్దగా అవసరం ఉండదు, కాబట్టి మీ ముగ్గురికి తీసుకుంటే సరిపోతుంది. డిస్నీ హోటల్లో ఉన్నవారు బసకు వారం ముందు నుంచీ, మిగిలినవారు మూడు రోజుల ముందు నుంచీ రైడ్ల సమయాలు ఎంచుకోవచ్చు.

స్ట్రోలర్ గురించి ఒక్క మాట. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటినవాటినీ, లాగుకుపోయే బండ్లనూ లోపలికి రానివ్వరు. రైడ్ బయట వదిలి వెళ్లిన స్ట్రోలర్‌ను సిబ్బంది సర్దుతూ పక్కకు జరుపుతారు. ఒకేలాంటి నల్ల స్ట్రోలర్లు రెండు వందలు బారులు తీరి ఉన్నచోట, ఏడుస్తున్న పాపను చంకనేసుకుని మీది ఏదో వెతకడం ఎంత కష్టమో నాకు తెలుసు. పేరంటంలో వచ్చిన జాకెట్టు ముక్కలు మీ ఇంట్లో కూడా ఉండే ఉంటాయి. మెరిసే అంచు ఉన్న ఎర్రటిది ఒకటి పిడికి గట్టిగా ముడివేయండి, దూరం నుంచే కనిపిస్తుంది.

జవాబు: డాలస్ నాన్న

పై జవాబులోని వివరాలన్నీ సరైనవే, అయినా నా అభిప్రాయం వేరు. ఏడాదికి కోటీ డెబ్భై లక్షల మందికి పైగా వచ్చే పార్కు అది. అందులోనూ అన్నిటికన్నా రద్దీగా ఉండే వారం మీరు ఎంచుకున్నారు. టికెట్టు ధర కూడా తేదీని బట్టి మారుతుంది కాబట్టి, అన్నిటికన్నా తక్కువ చూడగలిగే రోజుకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు కడుతున్నట్టు అవుతుంది. మేము జనవరి నెలాఖరులో, బడి ఉన్న ఒక మామూలు మంగళవారం నాడు వెళ్లాము. మా ఐదేళ్ల వాడు డంబో మూడుసార్లు ఎక్కాడు, మధ్యాహ్నం రెండింటికి కూడా పిల్లలు పరిగెత్తడానికి చోటు ఉంది. కిండర్‌గార్టెన్‌లో రెండు రోజుల బడి పోతే తిరిగి సంపాదించుకోవచ్చు. పాపకు టికెట్ కలిసివస్తోందని తొందరపడుతున్నారేమో చూసుకోండి, తక్కిన ఐదు టికెట్ల ధరలో తేడాతో ఆ లెక్క పోతుంది.

అత్తమామల ప్రయాణం దగ్గర పడింది కాబట్టి ఈసారి వారిని తీసుకుని ఓర్లాండో వెళ్లండి, కానీ పార్కు లోపలికి వెళ్లకుండా చూడగలిగినవి చూపించండి. డిస్నీ వాళ్లదే డిస్నీ స్ప్రింగ్స్ అనే దుకాణాల ప్రాంతం ఉంది, అక్కడ ప్రవేశానికి గానీ పార్కింగ్‌కు గానీ రుసుము లేదు. దీపాలు, క్రిస్మస్ అలంకారాలు, నీళ్ల పక్కన నడిచే బాట, కావలసినచోట కూర్చోవడానికి బెంచీలు ఉంటాయి. పాప నిద్రపోతే నిద్రపోనివ్వవచ్చు, టికెట్ దండగ అవుతోందన్న బాధ ఉండదు. మా ఇంట్లో ఆ బాధే అందరినీ విసిగించింది. డబ్బు కట్టాము కదా అని నిద్రకు తూలుతున్న పిల్లను ఇంకొక్క రైడ్, ఇంకొక్క రైడ్ అంటూ తిప్పాము. అది మా తప్పు, ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

జవాబు: తాతయ్య, రాజమహేంద్రవరం

అమ్మా, నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వచ్చినప్పుడు వాళ్లు మమ్మల్ని కూడా ఆ పార్కుకు తీసుకువెళ్లారు. మీరు మీ అత్తగారి మోకాళ్ల గురించి రాసిన వాక్యం చదివి ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

తిరుమలలో జనం ఎంత ఉన్నా కంపార్టుమెంటులో కూర్చోబెడతారు, పాలో ఉప్మానో ఇస్తారు, పిలిచినప్పుడు లేచి వెళతాము. పెద్దవాళ్లకు వరుస అంటే మనసులో ఉన్నది అదే. అక్కడి వరుస అలా ఉండదు. కూర్చోవడానికి చోటు లేకుండా మెలికలు తిరుగుతూ, నాలుగు అడుగులు వేసి ఆగుతూ, మళ్లీ నాలుగు అడుగులు వేస్తూ సాగుతుంది. నడక కన్నా ఆ ఆగడమే మోకాళ్లను ఎక్కువ బాధపెడుతుంది. మా ఆవిడ ఆ సంగతి సాయంత్రం వరకూ ఎవరికీ చెప్పలేదు. హోటల్‌కు వచ్చాక మంచం మీద కూర్చుని చెప్పులు తీస్తుంటే కాలి చీలమండలు రెండూ వాచి ఉన్నాయి. మా అమ్మాయి చూసి ఏడ్చింది. పిల్లలు ఇంత ఖర్చు పెట్టి తీసుకువెళితే మధ్యలో నొప్పి అని ఎలా అంటామమ్మా?

అందుచేత మీ అత్తగారిని నొప్పిగా ఉందా అని అడగవద్దు. అడిగితే లేదనే చెబుతారు. గేటు దగ్గర చక్రాల కుర్చీలు అద్దెకు ఇస్తారు, ఉదయం వెళ్లగానే ఒకటి తీసుకోండి. ఆమె వద్దంటే పట్టుబట్టకండి, సంచులూ నీళ్ల సీసాలూ అందులో పెట్టుకుని తోసుకుంటూ వెళ్లండి. రెండోరోజు మేము అలాగే చేశాము. పదకొండు గంటలకల్లా మా ఆవిడ సంచులు తీసి నా చేతికిచ్చి తానే కూర్చుంది. ఆ కుర్చీ ఉన్నందువల్ల వరుసలో ముందుకు పంపరు, కానీ చాలా వరుసల్లో కుర్చీతోనే సాగిపోవచ్చు.

కూర్చుని చూసేవి కూడా అక్కడ ఉన్నాయి. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం మొదట తయారుచేసిన ఒక బొమ్మల నాటకాన్ని తరువాత అక్కడికి తెచ్చారు, దాని పేరు కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. మనం కూర్చున్న వరుసలే గుండ్రంగా తిరుగుతూ ఒక్కో రంగస్థలం ముందుకు వెళతాయి. ఇరవై నిమిషాలు చల్లగా కూర్చోవచ్చు. ఐసు పెట్టె ఉన్న రోజుల నుంచి ఒక కుటుంబంలోకి కరెంటు వస్తువులు ఒక్కొక్కటిగా ఎలా వచ్చాయో చూపిస్తారు. ఇంగ్లీషు అంతా అర్థం కాకపోయినా, మా ఇంట్లోకి మొదటి ఫ్యాను వచ్చిన రోజు నాకు గుర్తుకు వచ్చింది.

మరొక మాట. మా మనవరాలికి అప్పుడు రెండున్నరేళ్లు. వాళ్ల అమ్మానాన్నలు పెద్దవాడిని తీసుకుని ఏదో రైడ్‌కు వెళితే మేమిద్దరం దానితో నీళ్ల ఒడ్డున కూర్చున్నాము. బాతులు రెండు వచ్చాయి. మా ఆవిడ కమలాపండు ఒలిచి, తొనల మీద తెల్లటి పీచు తీసి, గింజలు తీసి ఒక్కొక్కటి నోటికి అందిస్తుంటే, అది తొన నములుతూ బాతుల వంక చూస్తూ ముప్పావుగంట కదలలేదు. మాకు ఆ పార్కులో అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే. కాబట్టి పాపను మాలాంటి పెద్దవాళ్ల దగ్గర వదిలి వెళ్లడానికి మొహమాటపడకండి. కాకపోతే రోజంతా సామాను దగ్గర కాపలాగా మాత్రం ఉంచవద్దు. ఏది చూడాలని ఉందో ఒకటైనా పెద్దవాళ్లను అడిగి, అక్కడికి అందరూ కలిసి వెళ్లండి.

జవాబు: కవలల తల్లి, ఎడిసన్

అందరూ వరుసల గురించే రాస్తున్నారు గానీ పిల్లలు తప్పిపోవడం గురించి ఎవరూ రాయలేదు. ఇది మరొక రాష్ట్రంలోని మరొక పార్కులో మాకు జరిగింది. ఊరేగింపు చూస్తూ ఉన్నాము, పెద్దవాళ్లం ఐదుగురం ఉన్నాము. మా నాలుగేళ్ల బాబు వాళ్ల తాతయ్య దగ్గర ఉన్నాడని నేనూ, నా దగ్గర ఉన్నాడని తాతయ్యా అనుకున్నాము. ఎనిమిది నిమిషాల తరువాత దొరికాడు. ఆ ఎనిమిది నిమిషాల్లో నేను వాడి పేరు పిలుస్తూనే ఉన్నాను, వాయిద్యాల మోతలో నా గొంతు నాకే వినిపించలేదు.

సిబ్బందిలో ఒకామె వాడి చేయి పట్టుకుని నిలబడి ఉంది. మీ అమ్మ పేరేమిటని అడిగితే అమ్మ అని చెప్పాడట. నాన్న పేరు అడిగితే నాన్న అన్నాడట. ఆమె అదే మా పేర్లనుకుని అమ్మా అమ్మా అని కేకలు వేస్తోంది. మన పిల్లలకు మన పూర్తి పేర్లు నేర్పమని నేను అందరికీ చెబుతూ ఉంటాను. తప్పిపోతే పోలీసును అడగమని కూడా నేర్పాను గానీ అక్కడ వాడికి పోలీసు ఎవరూ కనిపించలేదు.

డిస్నీలో అయితే సిబ్బంది అందరూ పేరు రాసిన తెల్లటి బిళ్ల పెట్టుకుంటారు. లోపలికి వెళ్లగానే అలాంటి ఒకరి దగ్గరకు మీ బాబును తీసుకువెళ్లి ఆ బిళ్ల చూపించి, నేను కనిపించకపోతే ఇది పెట్టుకున్నవారి దగ్గరకు వెళ్లాలి అని చెప్పండి. తప్పిపోయిన పిల్లలను, గేటు నుంచి కోట వైపు వెళ్లే మెయిన్ స్ట్రీట్ చివర ఉన్న బేబీ కేర్ సెంటర్‌కు చేరుస్తారు. ఉదయం ఇద్దరి ముంజేతుల మీదా మీ ఫోన్ నంబరు పెన్నుతో రాసి, చెరిగిపోకుండా పైన రంగులేని గోళ్ల రంగు పూయండి. ఆ రోజు వేసుకున్న బట్టలతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి, కంగారులో చొక్కా ఏ రంగో కూడా గుర్తుకు రాదు. గంటగంటకూ ఏ పిల్ల ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పుకోండి. నీ దగ్గర బాబు, నా దగ్గర పాప అని పైకి అనండి, అవతలివారు ఊ అన్నాకే కదలండి.

అడిగినవారు: ఇద్దరు పిల్లల అమ్మ, షార్లెట్

మీ అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. తాతయ్యగారి జవాబు మావారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత లేచి వెళ్లి వాళ్ల అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని నొప్పి నూనె రాశారు. డాలస్ అన్నయ్యగారు చెప్పిన లెక్క నిజమే, కానీ అత్తమామలు మళ్లీ ఎప్పుడు వస్తారో తెలియదు కాబట్టి వారితో కలిసి వెళ్లాలనే నిర్ణయించుకున్నాము. మూడు రాత్రులు ఓర్లాండోలో ఉంటాము, పార్కుకు ఒక్క ఉదయమే వెళతాము, ఇంకొక సాయంత్రం డిస్నీ స్ప్రింగ్స్ చూపిస్తాము. పాపకు నిద్ర వస్తే వచ్చేస్తాము, టికెట్ ఊసు ఎత్తకూడదని మావారూ నేనూ ఒకరికొకరం మాట ఇచ్చుకున్నాము. మామయ్యగారిని ఏం చూడాలని ఉందని అడిగితే ఆ తిరిగే నాటకం చూడాలన్నారు.

చివరిగా భోజనం సంగతి ఒక్కటి చెప్పండి. ఇంటి నుంచి అన్నం తీసుకువెళ్లనిస్తారా?

జవాబు: టాంపా నివాసి

తీసుకువెళ్లనిస్తారు, నిశ్చింతగా పట్టుకెళ్లండి. గాజు సీసాలు, మద్యం, విడిగా పోసిన ఐసు మాత్రం తీసుకురానివ్వరు, చల్లదనానికి ఐస్ ప్యాకులు పెట్టుకోండి. పాప ఆహారపు చిన్న గాజు సీసాలకు అభ్యంతరం లేదు. కూలర్ మరీ పెద్దది వద్దు, 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు లోపల ఉండాలి. మేము పులిహోర, పెరుగన్నం, చుట్టిన చపాతీలు పట్టుకువెళతాము. పెరుగన్నంలో ఉదయం పాలు ఎక్కువ పోసి, పెరుగు రెండు చెంచాలే కలపండి, మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. పాపకు వేడిచేసి పెట్టాలంటే బేబీ కేర్ సెంటర్‌లో మైక్రోవేవ్, ఎత్తు కుర్చీలు ఉన్నాయి, పక్కనే ప్రథమ చికిత్స గది కూడా ఉంటుంది. పానీయాలు అమ్మే కౌంటర్లలో అడిగితే గ్లాసుడు చల్లటి నీళ్లు ఊరికే ఇస్తారు. అత్తయ్యగారికి ఐసు వద్దని ముందే చెప్పండి, లేకపోతే గ్లాసు నిండా వేసేస్తారు. డిసెంబరులో ఉదయం చలిగా ఉండి మధ్యాహ్నానికి ఎండ వస్తుంది కాబట్టి స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని రండి, విప్పినవి పెట్టుకోవడానికి ఆ చక్రాల కుర్చీ ఎలాగూ ఉంటుంది.